నూనె రాసే ఆ పావుగంట: చంటిబిడ్డకి మసాజ్ చేస్తూ ఎదుగుదల చూసుకోవడం ఎలా

మా పెద్దదానికి మూడో నెల వచ్చేదాకా నా చేత్తో నేను ఒక్కసారి కూడా నూనె రాయలేదండి. సిజేరియన్ అయ్యింది, కుట్లు లాగేవి, నడుం వంగేది కాదు. తెనాలిలో పుట్టింట్లో ఉన్నా, రోజూ పొద్దున ఎనిమిదింటికల్లా లాలపోసే ఆవిడ వచ్చేది, పెరట్లో పీటేసుకుని కాళ్ళు చాపి పిల్లని ఆ కాళ్ళ మీద వేసుకుని గబగబా నూనె, నలుగు, నీళ్ళు, సాంబ్రాణి, ఇరవై నిమిషాల్లో అన్నీ అయిపోయేవి, తర్వాత తువ్వాల్లో చుట్టి తెచ్చి నా పక్కలో పడుకోబెట్టేది. పిల్ల ఏడుపు గదిలోకి వినపడుతుంటే నాకు ప్రాణం పోయినట్టుండేది, అడిగితే "ఏడవనీ అమ్మా, ఏడిస్తేనే గుండె గట్టిపడుద్ది" అనేది. ఆవిడ పనితనాన్ని తక్కువ చెయ్యట్లేదు, మా వీధిలో సగంమంది ఆవిడ కాళ్ళ మీద పెరిగినవాళ్ళే. కానీ ఆ మూడు నెలల్లో పిల్ల ఒంటి మీద ఏ మచ్చ ఎక్కడుందో ఆవిడకి తెలుసు, నాకు తెలీదు. అది మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండోవాడు పుట్టేటప్పటికి హైదరాబాద్‌లో నిజాంపేటలోనే ఉండిపోయాం, లాలపోసేవాళ్ళు ఎవరూ కుదరలేదు, అమ్మ పక్కన కూర్చుని చెప్తుంటే నేనే మొదలుపెట్టా. వాడికి ఇరవై రోజులప్పుడు ఒకటి గమనించా. నూనె రాస్తుంటే ఎప్పుడు చూసినా తల కుడివైపే తిప్పి పెడుతున్నాడు, ఎడమ పక్క కూర్చుని పిలిచినా, గిలక్కాయ ఊపినా కళ్ళు తిప్పుతాడు గానీ తల తిప్పడు. మర్నాడు మెడ మడతల్లో నూనె రాస్తుంటే ఎడమ పక్కన వేలికి ఏదో తగిలింది, రేగ్గింజంత, గట్టిగా. నా వేలు అక్కడే ఆగిపోయింది. పిల్లల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం, స్కాన్ తీశారు, భయపడక్కర్లేదు అన్నారు, మెడ కండరం ఒకటి పొట్టిగా బిగుసుకుపోవడం వల్ల వచ్చే టార్టికాలిస్ అట, ఈ గడ్డ పుట్టిన రెండు మూడు వారాలకి బయటపడుతుందట, ఎంత తొందరగా వ్యాయామాలు మొదలుపెడితే అంత తేలిగ్గా సర్దుకుంటుందని ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. పుట్టినప్పటి చెకప్‌లో అది చాలాసార్లు ఉండదు, ఉన్నా కనపడకపోవచ్చు, రోజూ ఒంటి మీద చెయ్యేసేవాళ్ళకి ముందు తెలుస్తుంది.

అందుకే ఇదంతా రాస్తున్నా. మసాజ్ అంటే ఎముకలు గట్టిపడటానికి, రంగు రావడానికి అనుకుంటాం, రంగు రాదు, పుట్టుకతో వచ్చిన రంగే ఉంటుంది. ఆ పావుగంట బిడ్డని పూర్తిగా చూసుకునే టైమ్. బిడ్డకి మన చెయ్యి అలవాటవుతుంది, మన చేతికి బిడ్డ అలవాటవుతుంది, రోజూ చేసే చెయ్యికి తేడా వస్తే ఇట్టే తెలుస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పుట్టిన వెంటనే కాదు. మొదటి 24 గంటలు స్నానమే వద్దని డబ్ల్యూహెచ్ఓ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ, చెప్తుంది, బిడ్డ ఒళ్ళు చల్లబడిపోతుంది కాబట్టి. ఆ రోజుల్లో మసాజ్ కన్నా మంచిది ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టుకోవడం. బొడ్డు ఊడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా పొట్ట జోలికి వెళ్ళకండి, బొడ్డు మీద నూనె, పసుపు, పౌడర్ ఏదీ వెయ్యొద్దు, పొడిగా వదిలెయ్యాలి అంతే. కాళ్ళు చేతులు కావాలంటే మొదటి వారం తర్వాత మెల్లగా ఐదు నిమిషాలు చెయ్యొచ్చు. నెల దాటాక పది పదిహేను నిమిషాలు చాలు, గంటసేపు రుద్దితే ఎక్కువ లాభం ఏమీ లేదు, పిల్లలు అలిసిపోతారు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే, లేదా రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుంటే, ముందు కంగారూ కేర్. అంటే డయపర్, టోపీ మాత్రం ఉంచి బిడ్డని అమ్మ గుండెల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోవడం. 1970ల చివర్లో కొలంబియాలో బొగోటా అనే ఊళ్ళో ఇంక్యుబేటర్లు సరిపోక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు డబ్ల్యూహెచ్ఓ రోజుకి 8 నుంచి 24 గంటలు, ఎంత వీలైతే అంత చెయ్యమంటోంది. నాన్న కూడా చెయ్యొచ్చు. ఇలాంటి పిల్లలకి మసాజ్ డాక్టర్ ఓకే అన్నాకే. అలా అని మసాజ్ వాళ్ళకి పనికిరాదని కాదు, 1986లో మయామి యూనివర్సిటీలో టిఫనీ ఫీల్డ్ అనే ఆవిడ నెలలు నిండని పిల్లలకి రోజుకి మూడుసార్లు 15 నిమిషాల చొప్పున పది రోజులు చేయించి చూస్తే, అన్నే పాలు తాగుతున్నా మిగతా పిల్లల కన్నా రోజుకి 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. కానీ అది హాస్పిటల్లో, నేర్పించినవాళ్ళు చేసింది.

ఏ నూనె

దీని మీద ప్రతి ఇంట్లో ఒక యుద్ధం ఉంటుంది. మా అమ్మ నువ్వులనూనె అంటుంది, అత్తయ్యగారు ఆముదం కలపమంటారు, పక్క ఫ్లాట్‌లో ఉత్తరాది వాళ్ళు ఆవనూనె అంటారు. నేను డాక్టర్‌ని అడిగి కొబ్బరినూనెకే ఫిక్స్ అయ్యా, సువాసన ఏదీ కలపని మామూలు కొబ్బరినూనె. సన్‌ఫ్లవర్ ఆయిల్ కూడా చర్మానికి చాలా మంచిది, ఢాకాలో ఒక పిల్లల హాస్పిటల్లో 33 వారాల లోపు పుట్టిన పిల్లలకి అది రాస్తే ఒంట్లోకి చేరే ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయని 2005లో తేలింది. ఆవనూనె చంటిపిల్లల చర్మానికి ఘాటు, దద్దుర్లు వస్తాయి, వద్దనే నేను చెప్తా. ఆముదం జిగటగా ఉంటుంది, చెయ్యి జారదు, చర్మం లాగుతుంది, పెద్దవాళ్ళ మాట కాదనలేకపోతే నడినెత్తిన ఒక చుక్క రాసి ఊరుకోండి.

ఏ నూనె అయినా ముందు రోజు మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి వదిలెయ్యండి, మర్నాటికి ఎర్రబడకపోతే వాడుకోవచ్చు. ఒకసారికి రెండు టీస్పూన్ల కన్నా ఎక్కువ పట్టదు. చలికాలం అయితే గిన్నెని వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేసి మీ మణికట్టు మీద వేసుకుని చూడండి, స్టవ్ మీద డైరెక్ట్‌గా పెట్టొద్దు. ఎండాకాలం రాజమండ్రిలోనో విజయవాడలోనో ఉంటే చాలా కొంచెం రాసి స్నానంలో శుభ్రంగా పోయేలా చూడండి, జిడ్డు ఉండిపోతే చెమటకాయలు ఇంకా ఎక్కువవుతాయి.

ఇక చేసే పద్ధతి

గోళ్ళు కత్తిరించుకోండి, ఉంగరాలు గాజులు తీసెయ్యండి. మంచం మీద కాదు, నేల మీద చాప, దాని మీద బొంత, పైన పాత నూలుచీర మడత. నూనె ఒంటి బిడ్డ చేపలాగా జారిపోతుంది, అందుకే కింద కూర్చుని చెయ్యడం, అయ్యాక కూడా తువ్వాలు చుట్టే ఎత్తుకోవడం. ఫ్యాన్ ఆపెయ్యండి, మీకు కొంచెం ఉక్కగా అనిపించాలి, అప్పుడే బట్టల్లేని బిడ్డకి సరిపోయినట్టు. పాలు తాగాక ముప్పావుగంటైనా ఆగాలి, లేకపోతే కక్కేస్తారు. ఆకలి మీద ఉన్నప్పుడు వద్దు, నిద్రకి తూగుతున్నప్పుడు వద్దు, కళ్ళు విప్పి ప్రశాంతంగా అటూఇటూ చూస్తుంటారే, అదీ టైమ్. మావాడికి అది పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో వచ్చేది.

ముందు అడగండి. నిజంగానే అడగండి. నూనె చేతులు రెండూ వాడి ముఖానికి అడుగు దూరంలో పెట్టి మెల్లగా రుద్దుతూ "నూనె రాద్దామా నాన్నా" అనండి. కొత్తగా పుట్టినవాళ్ళకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే బాగా కనపడుతుంది, అందుకని ఆ దూరంలో మీ ముఖం ఉండాలి. రోజూ ఇలా చేస్తే రెండో నెలకల్లా ఆ చేతుల చప్పుడు వినగానే కాళ్ళు తన్నడం మొదలుపెడతారు, అదే వాళ్ళ సరే అనడం.

కాళ్ళతో మొదలుపెట్టండి, ఎందుకంటే కాళ్ళు పట్టుకుంటే చంటిపిల్లలు బెదరరు, ఛాతీ మీదో తల మీదో ముందే చెయ్యేస్తే ఉలిక్కిపడతారు. ఒక చేత్తో మడమ పట్టుకుని రెండో చేత్తో తొడ మొదలు నుంచి చీలమండ దాకా, పాలు పితికినట్టు ఒక చెయ్యి దిగుతుంటే ఇంకో చెయ్యి పైన అందుకుంటూ, మెల్లగా. ఎంత నొక్కాలి అంటే, మామిడిపండు మగ్గిందా లేదా అని చేతిలోకి తీసుకుని చూస్తాం కదా, అంత. మరీ పైపైన రాస్తే చక్కిలిగిలి పుట్టి చిరాకు పడతారు. అరికాలు బొటనవేలితో మడమ నుంచి వేళ్ళ వైపు, తర్వాత వేళ్ళు ఒక్కొక్కటీ. రెండు కాళ్ళూ పక్కపక్కన చాపి తొడల మడతలు రెండువైపులా ఒకేలా ఉన్నాయా, పొడుగు ఒకటేనా, మోకాళ్ళు మడిచి పక్కలకి తెరిస్తే రెండూ ఒకే అంత తెరుచుకుంటున్నాయా చూడండి. ఒక కాలు బిగుసుకుని తెరుచుకోకపోతే బలవంతం చెయ్యకుండా డాక్టర్‌కి చెప్పండి, తుంటి కీలు సరిగా కూర్చోలేదేమో వాళ్ళు చూస్తారు. కాళ్ళు కొంచెం వంకరగా ఉంటే మాత్రం కంగారొద్దు, రెండేళ్ళ దాకా అలాగే ఉంటాయి, వాటిని తిన్నగా చెయ్యాలని లాగడం, బట్టతో బిగించి కట్టడం అస్సలు వద్దు, ఆ కట్టడం వల్ల తుంటికి ఇబ్బంది రావచ్చు.

పొట్ట దగ్గర దిక్కు ముఖ్యం. బిడ్డ కాళ్ళు మీ వైపు ఉన్నప్పుడు మీ ఎడమచేతి వైపు కింద మొదలుపెట్టి పైకి, అక్కణ్ణుంచి అడ్డంగా మీ కుడిచేతి వైపుకి, అక్కణ్ణుంచి కిందకి, అంటే గడియారం ముల్లు తిరిగినట్టు. లోపల పెద్దపేగు అదే దారిలో ఉంటుంది. తర్వాత రెండు మోకాళ్ళూ మడిచి పొట్టకి ఆనించి ఐదు లెక్కపెట్టి వదలండి, మూడు నాలుగుసార్లు, ఆ వెంటనే గ్యాస్ పోతుంటుంది, సాయంత్రం పూట గుక్కపట్టి ఏడ్చే పిల్లలకి కూడా ఇది కొంచెం హాయిగా ఉంటుంది. పొట్ట గట్టిగా ఉబ్బి నొక్కనివ్వకపోతే, ఆకుపచ్చగా కక్కితే మాత్రం మసాజ్ ఆపేసి హాస్పిటల్‌కి వెళ్ళాల్సిందే.

ఛాతీ మీద మధ్యలో రెండు అరచేతులు పెట్టి దుప్పటి ముడతలు సర్దినట్టు పక్కలకి. చేతులు భుజం నుంచి మణికట్టు దాకా. చాలామంది పిల్లలకి చేతులు చాపడం ఇష్టం ఉండదు, మడుచుకుని ఛాతీకి హత్తుకుంటారు, లాగొద్దు. పిడికిలి విప్పాలంటే వేళ్ళు పీకక్కర్లేదు, చెయ్యి వెనకవైపు చిటికెన వేలు పక్కన మెల్లగా నిమిరితే దానంతటదే తెరుచుకుంటుంది, అందులో మీ వేలు పెట్టండి, గట్టిగా పట్టుకుంటారు. ఆ పట్టు రెండు చేతులకీ ఒకేలా ఉందా అన్నది రోజూ చూసుకోవాల్సిన ఇంకో విషయం. ఉలిక్కిపడినప్పుడు కూడా రెండు చేతులూ ఒకేసారి పైకి లేవాలి, ఒక చెయ్యి కదలకుండా వాలిపోయి ఉంటే వెంటనే చూపించాలి. పిడికిళ్ళు మొదట్లో బిగించే ఉంటాయి, మూడో నెల దాటేసరికి ఎక్కువసేపు తెరిచే ఉండాలి.

ముఖానికి నూనె వద్దు, ఉత్త వేళ్ళతో కనుబొమ్మల మధ్య నుంచి పక్కలకి. మాడు మీద నూనె నిమరండి గానీ నొక్కకండి. తల మీద పసుపురంగు పెచ్చులు కడితే స్నానానికి కొంచెం ముందు నూనె రాసి మెత్తబడ్డాక మెత్తటి దువ్వెనతో తీయొచ్చు, గోటితో గీకొద్దు.

చివర్లో బోర్లా. మీ రెండు తొడల మీద అడ్డంగా పడుకోబెట్టుకుని మెడ కింద నుంచి పిర్రల దాకా పొడుగ్గా, వెన్నెముక మీద కాకుండా దానికి రెండు పక్కలా. ఇది చేస్తుంటే వాడు తల ఎత్తడానికి ప్రయత్నిస్తాడు, అదే మెడ కండరాలకి వ్యాయామం. రోజు మొత్తం మీద కొంచెం కొంచెంగా కలిపి కనీసం అరగంట ఇలా మెలకువలో బోర్లా ఉండటం మంచిదని డబ్ల్యూహెచ్ఓ లెక్క, నిద్రకి మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. నడుం కింద, పిర్రల మీద నీలం నలుపు మచ్చలు ఉంటే దెబ్బ అనుకోకండి, మన పిల్లలకి చాలామందికి ఉంటాయి, పెద్దయ్యేకొద్దీ పోతాయి.

మధ్యలో ఎక్కడైనా బిడ్డ ముఖం పక్కకి తిప్పేసుకుంటే, వేళ్ళన్నీ చాపి బిగుసుకుంటే, వెన్ను విల్లులా వంచితే, వరసగా ఆవులింతలు, ఎక్కిళ్ళు వస్తే, "ఇక చాలు" అని అర్థం. ఆపెయ్యండి. సగం కాలికే ఆగినా ఫర్వాలేదు, చెయ్యి అలా ఛాతీ మీద ఉంచి ఊరికే ఉండండి. మొదటి రెండు వారాలు మావాడు కాళ్ళు దాటి ముందుకు వెళ్ళనిచ్చేవాడు కాదు, నేను ఆపేసేదాన్ని, మూడో వారంలో వాడే పొట్ట చూపించాడు. పెద్దదానికి ఏడుపు మధ్యలోనే అన్నీ జరిగిపోయేవి కాబట్టి ఈ తేడా నాకు బాగా తెలుసు.

ఒకటి గట్టిగా చెప్తున్నా, నాన్నల్ని కూర్చోబెట్టండి. మా ఆయన మొదట్లో "నా చేతులు మోటుగా ఉంటాయి, నువ్వే చెయ్" అనేవారు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఒట్టి పాదాలు మాత్రం రాయమన్నా, పది రోజుల్లో ఆ టైమ్‌కి తలుపు చప్పుడైతే పిల్లాడి తల అటు తిరిగేది. డాలస్‌లో ఉండే మా ఆడపడుచుకి పురిటికి వెళ్ళిన అత్తయ్యగారు ఆర్నెల్లకి వచ్చేశాక, తనూ వాళ్ళాయనా వీడియో కాల్ పెట్టుకుని నాతోపాటే చేసేవాళ్ళు, వాళ్ళకి రాత్రి, మాకు పొద్దున.

పాత పద్ధతుల్లో వదిలెయ్యాల్సినవి

పెద్దవాళ్ళ మీద గౌరవంతోనే చెప్తున్నా, కానీ ఇవి ప్రాణం మీదకి వచ్చేవి. ముక్కులో, చెవిలో, నోట్లో నూనె చుక్కలు వెయ్యొద్దు, ముక్కులో, నోట్లో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. పుట్టిన పిల్లలకి, మగైనా ఆడైనా, చనులు కొంచెం ఉబ్బి ఉంటాయి, ఒక్కోసారి పాలలాంటి చుక్క వస్తుంది, అమ్మ నుంచి వచ్చిన హార్మోన్ల వల్ల అది, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది, లాలపోసేవాళ్ళు "పాలు తీసెయ్యాలి" అని పిండుతారు, పిండనివ్వకండి, చీము పడుతుంది. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, పైకి ఎగరేయడం, ముక్కు నొక్కి నిలబెట్టడం, తల గుండ్రంగా రావాలని అదమడం, ఇవన్నీ వద్దు. శనగపిండి నలుగుతో వెంట్రుకలు పోవాలని రుద్దడం వద్దు, పుట్టుకతో వచ్చిన నూగు దానంతటదే రాలిపోతుంది, రుద్దితే చర్మం గీసుకుపోతుంది. సాంబ్రాణి పొగ, పౌడర్ గుప్పించడం రెండూ ఊపిరికి మంచివి కావు. కాటుకలో సీసం ఉండొచ్చు, కళ్ళకి వద్దు, దిష్టికి కావాలంటే మా అమ్మలా అరికాలికి చిన్న చుక్క పెట్టి సరిపెట్టుకోండి. వస అరగదీసి నాకించడం, గ్రైప్ వాటర్, తేనె ఏవీ వద్దు, ఆర్నెల్ల దాకా తల్లిపాలే.

జ్వరం ఉన్నప్పుడు మసాజ్ ఉండదు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు వేయించాక ఆ తొడ మీద రెండు మూడు రోజులు నూనె గానీ రుద్దడం గానీ చెయ్యకండి. బీసీజీ, అంటే క్షయ టీకా, వేసిన ఎడమ భుజం మీద నెల తర్వాత చిన్న పొక్కు లేచి చీము కారి మానుతుంది, అది మామూలే, దాన్ని నొక్కొద్దు, ఏమీ రాయొద్దు.

మా అమ్మతో ఈ లిస్టు విషయంలో రెండ్రోజులు మాటలు లేవు. "మిమ్మల్ని అలాగే పెంచాం కదే" అంది. నేను వాదించకుండా డాక్టర్ దగ్గరికి తనని కూడా తీసుకెళ్ళా, ఆయన నోటితో విన్నాక ముక్కులో చుక్కలు మానేసింది, స్నానమయ్యాక నీళ్ళు తిప్పి "శ్రీరామరక్ష" అని దిష్టి తీయడం మాత్రం మానలేదు, అది నాకూ ఇష్టమే.

నవ్వితే నువ్వుండలు

ఎదుగుదల చార్టు ఇంగ్లీషు వాళ్ళది అనుకుంటాం గానీ మనవాళ్ళు ఎప్పుడో పెట్టారు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు. ఇంటింటికీ కొంచెం మారుతుంది గానీ వరస ఇదే, ఒక్కో మెట్టుకీ ఒక పిండివంట చేసి వీధిలో పంచుతారు, అంటే వీధి మొత్తానికి ఈ బిడ్డ ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. పక్కింటి పెద్దావిడ "ఏమ్మా, ఇంకా బొబ్బట్లు పెట్టలేదే" అని అడగడం ఎత్తిపొడుపు అనుకునేదాన్ని, ఇప్పుడు అది ఒకరకం స్క్రీనింగ్ అనిపిస్తుంది.

నువ్వుండలు: మిమ్మల్ని చూసి, మీ మాటకి బదులుగా నవ్వడం. నిద్రలో నవ్వేది దీనికి లెక్కలోకి రాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది. మసాజ్ అప్పుడు ముఖాలు ఎదురెదురుగా ఉంటాయి కదా, మొదటి నవ్వు చాలామందికి అక్కడే దొరుకుతుంది, నాకు పాదం రాస్తుంటే దొరికింది, యాభైమూడో రోజు. మూడో నెల నిండినా నవ్వకపోతే, ముఖం వైపు చూడకపోతే, కళ్ళతో మిమ్మల్ని వెంబడించకపోతే ఆగొద్దు. కంటిపాపలో తెల్లగా మెరిస్తే ఏ వయసైనా ఆ రోజే చూపించాలి.

బొబ్బట్ల కన్నా ముందు మెడ నిలవడం ఉంటుంది, మూడు నాలుగు నెలలు. భుజం మీద ఎత్తుకుంటే తల ఊగకుండా ఉండాలి, ఐదో నెలకీ వాలిపోతుంటే చూపించాలి. శబ్దం వైపు తిరగడం కూడా ఈ సమయంలోనే, మసాజ్ చేస్తూ కనపడకుండా పక్క నుంచి పేరుతో పిలిచి చూడండి. బోర్లా పడటం నాలుగు నుంచి ఆరు నెలలు, ఆ వయసు దగ్గర పడగానే మంచం మీద ఒంటరిగా వదలడం ఆపెయ్యాలి. ఒక చేతిలోది ఇంకో చేతిలోకి మార్చుకోవడం ఆరో నెల అటూఇటూ, నేను నూనె సీసా మూత ఇచ్చి చూసేదాన్ని, ఖాళీది, నోట్లో పట్టనంత పెద్దది.

కూర్చోవడం, పాకడం, నడవడం విషయంలో పక్కింటి పిల్లలతో పోల్చి కుమిలిపోయేవాళ్ళ కోసం ఒకటి చెప్తా. డబ్ల్యూహెచ్ఓ మన ఇండియాతో సహా ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని చూసి 2006లో లెక్క ఇచ్చింది: ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. చూడండి ఎంత తేడానో, ఒకళ్ళు తొమ్మిదో నెలలో నడిస్తే ఇంకొకళ్ళు పదిహేడో నెలలో నడుస్తారు, ఇద్దరూ బాగున్నట్టే. కొంతమంది అసలు పాకకుండానే లేచి నిలబడతారు, పాయసం ఎగ్గొట్టి అరిసెలకి వెళ్ళిపోయినట్టు. కానీ తొమ్మిదిన్నర నెలలకీ కూర్చోకపోతే, ఏడాదిన్నరకీ నడవకపోతే, అన్నిటికన్నా ముఖ్యంగా వచ్చిన పని మర్చిపోతే, అంటే నిన్నటిదాకా నవ్వినవాడు నవ్వడం మానేస్తే, "వాళ్ళ నాన్న కూడా లేటే" అనే మాట పక్కన పెట్టి వెళ్ళాలి. రెండు నెలల ముందు పుట్టిన బిడ్డకి ఆ రెండు నెలలు తీసేసి లెక్కెయ్యాలి, నాలుగో నెలలో ఉంటే రెండో నెల పనులు వెతకండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, ఆశా వర్కర్ ఇంటికి వస్తుంది, హాస్పిటల్లో పుట్టిన బిడ్డకి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి, ఆవిడ వచ్చినప్పుడు బరువు తూయించి మీరు గమనించినవి చెప్పండి. మీకిచ్చిన తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల బొమ్మలు ఉంటాయి, చాలామంది టీకాల పేజీ తప్ప తిప్పరు, తిప్పండి. తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ వాళ్ళు తయారుచేసిన చార్టు ఒకటుంది, రెండేళ్ళలోపు పిల్లలకి 17 అంశాలు, బిడ్డ వయసు దగ్గర ఒక నిలువుగీత గీస్తే దానికి ఎడమ పక్కన ఉన్నవన్నీ వచ్చి ఉండాలి, పిల్లల డాక్టర్‌ని అడిగితే చూపిస్తారు. తేడా ఉందంటే 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య ప్రోగ్రాం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ సెంటర్లు, అంటే ఎదుగుదల తేడాల్ని తొందరగా పట్టుకుని చూసే కేంద్రాలు, ఉన్నాయి, ఫిజియో, స్పీచ్, వినికిడి పరీక్షలు డబ్బు తీసుకోకుండా చేస్తారు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి రాయించుకుని వెళ్ళొచ్చు.

వెళ్ళేటప్పుడు "ఏదో తేడాగా ఉంది డాక్టర్" అనకుండా చూసింది చూసినట్టు చెప్పండి. నేను ఫోన్‌లో రోజూ ఒక లైను రాసుకునేదాన్ని, "ఎడమకి తల తిప్పలేదు, మూడుసార్లు పిలిచా" అని, తేదీతో, పక్కన చిన్న వీడియో. డాక్టర్ గదిలో పిల్లలు ఏడుస్తారు, చెయ్యమన్నది చెయ్యరు, ఇంట్లో నూనె రాస్తున్నప్పుడు తీసిన పది సెకన్ల వీడియోనే మా ఫిజియోథెరపిస్ట్‌కి ఎక్కువ పనికొచ్చింది.

మావాడికి మెడ వ్యాయామాలు డయపర్ మార్చినప్పుడల్లా చేశాం, పాలు ఇచ్చేటప్పుడు, పడుకోబెట్టేటప్పుడు ఎడమవైపు చూడాల్సి వచ్చేలా పెట్టేదాన్ని, గడ్డ నెలనెలకీ కరుగుతూ నాలుగో నెల చివరికి వేలికి తగలడం మానేసింది. ఐదో నెల పన్నెండో రోజు, నూనె రాసి తువ్వాలు అందుకోవడానికి అటు తిరిగా, ఇటు చూసేసరికి బోర్లా పడి తల ఎత్తి నన్నే చూస్తున్నాడు. ఎడమవైపు నుంచి తిరిగి. అమ్మ మర్నాడే తెనాలి నుంచి బొబ్బట్లు బస్సులో పంపించింది.